పీఠం గుడ్డ

ఆ ఏడు ముసురు పట్టిందంటే పట్టింది, రెండు నెలలు వదల్లేదు. ఆరేసిన దుప్పటి మూడో రోజుకి కూడా చెమ్మగానే ఉండేది. ఆసుపత్రిలో మంచాలు మాత్రం ఖాళీ ఉండేవి కావు, ఒకరు లేస్తే ఇంకొకరు పడుకునేవారు. ఆ దుప్పట్లన్నీ ఉతికేది మేం పదిమందిమి. అందులో అందరికన్నా పాత మనిషి మా అత్తయ్య, అందరికన్నా కొత్త మనిషిని ఆమె కోడల్ని, నేను.

ఆసుపత్రి మఠంలోని సిస్టర్లది. వెనకవైపు పొడుగాటి రేకుల షెడ్డే లాండ్రీ. ఒక చివర బాయిలరు, దాని దగ్గర మా ఆయన. మధ్యలో ఉడకేసే డ్రమ్ములు, జాడించే తొట్లు, గంజి గంగాళం. ఇంకో చివర ఇస్త్రీ బల్లలు. ఇన్ని ఉన్న షెడ్డులో కూర్చోడానికి మాత్రం ఏదీ లేదు. పీట లేదు, ముక్కాలి లేదు, ఆఖరికి బోర్లించుకోడానికి ఖాళీ డబ్బా కూడా లేదు. లాండ్రీ చూసుకునే సిస్టరమ్మ, నిలబడితే పని, కూర్చుంటే కబుర్లు అనేవారు. ఆవిడ చెడ్డావిడేం కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాతోపాటు తనూ నిలబడే ఉండేవారు. కాకపోతే ఆవిడకి నలభై, మా అత్తయ్యకి యాభై తొమ్మిది.

అత్తయ్యకి అందరితోపాటు ఉన్న పని కాక ఇంకో పని ఉంది. చర్చిలో పీఠం మీద పరిచే గుడ్డలు, పూజలో అప్పం, పాత్ర పెట్టే చిన్న చదరపు గుడ్డలు ఆమె ఒక్కతే ఇస్త్రీ చెయ్యాలి. ఆ చిన్న గుడ్డల్ని ముందు సిస్టరమ్మే విడిగా ఒక బేసిన్‌లో జాడించి, ఆ నీళ్ళు తోటలో మొక్క మొదట్లో పోసేవారు. ఆ తర్వాతే మా షెడ్డుకి వచ్చేవి. అత్తయ్య వాటిని తొమ్మిది గడులు పడేట్టు మడతపెట్టేది, గీత గీసినట్టు. ఇరవై రెండేళ్ళుగా అదే చెయ్యి.

ఆ గుడ్డలు పాతబడితే పారెయ్యకూడదు, ఇంకో పనికి వాడకూడదు. కాల్చి, బూడిద మట్టిలో కలపాలి. బాయిలరు మా ఇంటి మనిషి చేతిలో ఉంది కాబట్టి కాల్పించే పని నాకు అప్పజెప్పారు. మూడు నెలలకోసారి సిస్టరమ్మ ఒక పొట్లం ఇచ్చేవారు, నేను తీసుకెళ్ళి మా ఆయనకిచ్చేదాన్ని, ఆయన పొట్లం విప్పకుండానే పొయ్యిలో పెట్టేవాడు. అంతే.

అత్తయ్య ఎడమకాలికి చీలమండ పైన పుండు పడింది. నిలబడి నిలబడి నరాలు ఉబ్బాయి, తడి నేలమీద నానీ నానీ చర్మం చిట్లింది. ఆసుపత్రిలోనే పని చేస్తూ ఆసుపత్రిలో చూపించుకోదేమిటా అంటే, దానికో కథ ఉంది. అంతకుముందు ఏడాది జాడింపు దగ్గర ఒక ముసలమ్మ నడుం నొప్పని డాక్టరుకి చూపించుకుంది. ఆయన పాపం జాలిపడి, నిలబడి చేసే పని ఈమెకి పనికిరాదు అని కాగితం మీద రాశాడు. ఆఫీసువాళ్ళు అదే కాగితం చదివి, అయితే ఈమె మనకి పనికిరాదు అనుకున్నారు. వారం తిరక్కుండా ఇంటికి పంపేశారు. అది చూశాక లాండ్రీలో ఎవరూ దగ్గు కూడా గట్టిగా దగ్గేవారు కాదు. మేం ఉండేది ఆసుపత్రి వెనక క్వార్టర్లో. అది అత్తయ్య పేరు మీద ఇచ్చిన ఇల్లు.

ఇంట్లో ఉన్న పాత గుడ్డలతో కట్టు కట్టేదాన్ని. అవి మోటువి, పుండుకి అంటుకుపోయేవి. విప్పేటప్పుడు అత్తయ్య పళ్ళు బిగబట్టేదే తప్ప కిక్కురుమనేది కాదు. నేనే చూడలేకపోయేదాన్ని. ఆ నెల కాల్చమని ఇచ్చిన పొట్లంలో ఒక గుడ్డ చేతికి తగిలింది. వెన్నలా మెత్తగా ఉంది. అంచు ఒక్కచోట పీలిక లేచింది, అంతకుమించి ఏమీ కాలేదు. నేనేం ఆలోచించలేదు. దాన్ని నడుం దగ్గర దోపుకుని, మిగతా పొట్లం మా ఆయనకిచ్చాను. ఇంటికొచ్చి రెండు ముక్కలు చేసి, మరిగించి, ఆరబెట్టి, కట్టు కట్టాను.

ఇరవై రెండేళ్ళు మడతపెట్టిన చెయ్యి, తెలీకుండా ఎలా ఉంటుంది? వేళ్ళతో తడిమి చూసి, "తప్పమ్మాయ్ ఇది" అంది.

కాలి బూడిదైపోయేదానికి తప్పేముంది అన్నాను. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు. రెండు వారాలకి పుండు కొంచెం ఎండింది కూడా.

రెండు వారాలు దాటాక, ఒక గురువారం, ఇస్త్రీ బల్ల దగ్గర అత్తయ్య కట్టు జారింది. తడి నేలమీద మెల్లగా ఊడుతూ పోయింది. అటుగా వెళుతున్న సిస్టరమ్మ వంగి తీశారు. గుడ్డ మూలన ఎర్రదారంతో కుట్టిన చిన్న సిలువ అలాగే ఉంది. గుడ్డ రెండు ముక్కలు చేశాను గానీ, ఆ దారం తెంపడం మరిచిపోయాను చూడండి, అదీ నా తెలివి.

సిస్టరమ్మ ముఖం పాలిపోయింది. కోపం కాదు, నిజంగా భయపడ్డారు. "ఎందుకు తీశావు?" అని అడిగారు.

అత్తయ్య మాట్లాడలేదు. ఎందుకు తీశావని ఇంకోసారి అడిగారు. మూడోసారీ అదే అడిగారు. అందరూ చేతిలో పని ఆపి చూస్తున్నారు. నేను మూడు బారల దూరంలో ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడ్డాను. తీసింది నేనే అని నోటిదాకా వచ్చింది. పొట్లం నా చేతికిచ్చారు, కాల్చాల్సింది మా ఆయన. ఒక్కమాటతో ముగ్గురి మీదికీ వస్తుంది, ఇల్లు పోతుంది అని లెక్కేసుకున్నాను. ఆ లెక్క తప్పేం కాదు. కానీ అది వేసింది నా భయం, అది నాకు అప్పుడే తెలుసు. ఇస్త్రీపెట్టె కింద దిండుగలీబు మాడిన వాసన వచ్చేదాకా అలాగే ఉన్నాను.

తప్పు ఒప్పుకుని కాగితం రాసిచ్చి, ఆదివారం పూజ అయ్యాక పీఠం ముందు అందరిలో క్షమాపణ అడిగితే మళ్ళీ తీసుకుంటామని, అదీ దుప్పట్ల పనికేనని సిస్టరమ్మ చెప్పారు. అంతవరకూ రానక్కర్లేదన్నారు. అత్తయ్య తన బల్ల తుడిచి, ఇస్త్రీపెట్టె చల్లార్చి, వెళ్ళిపోయింది. మా ఆయన బాయిలరు దగ్గర్నుంచి అంతా విన్నాడు. ఇంటికొచ్చి, "అంత పని ఎందుకు చేశావమ్మా?" అని అడిగాడు.

అత్తయ్య పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది, నా వైపు తలెత్తలేదు. ఆమె ఒక్కసారి చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఇదీ నా సాకే.

మా ఫాదరుగారి సంగతి చెప్పాలి. సన్నటి మనిషి, ఒక చెవి దగ్గర కళ్ళద్దాలకి దారం. శనివారాలు సాయంత్రం బడిలో ఒక గదిలో క్లాసు చెప్పేవారు. పనివాళ్ళ గురించి పాతకాలం పోపుగార్లు రాసిన ఉత్తరాలవీ చదివి, మనకి అర్థమయ్యేలా చెప్పేవారు. మనిషిని దేవుడు తన పోలికలో చేశాడు, ఆ పోలిక చేతిలో పని ఉందా లేదా అన్నదాన్ని బట్టి పెరగదు, తరగదు. కూలి ఇచ్చినంత మాత్రాన మనిషి మన సొత్తైపోడు. ఇలాంటివి. మా లాండ్రీవాళ్ళం ఒక్క వారం కూడా మానేవాళ్ళం కాదు. ఫాదరుగారు మా భక్తికి పొంగిపోయేవారు. అసలు సంగతేమిటంటే ఆ గదిలో బల్లలుండేవి. గంటసేపు హాయిగా కూర్చోవచ్చు. మాలో సగంమంది కునికేవాళ్ళం కూడా. అయినా చెవిన పడ్డది ఊరికే పోతుందా, కొంత లోపల నిలిచింది.

ఆ శనివారం క్లాసయ్యాక నేను చర్చిలోకి వెళ్ళి, చేసిన పాపం ఫాదరుగారికి చెప్పుకునే పాపసంకీర్తనానికి మోకరించాను. నా లెక్క నాకుంది. ఫాదరుగారికి చెప్పేస్తే ఆయనే వెళ్ళి సిస్టరమ్మకి నచ్చజెప్తారు, నా పేరు బయటికి రాకుండా అత్తయ్య పని తిరిగొస్తుంది. పామూ చావదు, కర్రా విరగదు. జాలీకి అవతల ఆయన ఉన్నారు, ఇవతల నేను. గుడ్డ నేనే తీశానని, అత్తయ్య మీద పడిందని, నేను నోరు మెదపలేదని అంతా చెప్పాను.

జాలీ అవతల ఆయన తల గోడకి ఆనింది. నిద్రపోయారేమో అనుకున్నాను.

"రేపు పొద్దున వెళ్ళి, అసలు ఆమే తీసిందా అని సిస్టరుని అడుగుదామనుకున్నానమ్మా," అన్నారు. "ఇప్పుడు ఆ మాట అడగలేను. ఇక్కడ విన్నది నేను బయట వాడకూడదు. సైగతో కూడా. నువ్వు చెప్పింది నాకు కాదు, దేవుడికి. ఆయనెలాగూ వెళ్ళి చెప్పడు. చెప్పాల్సింది నువ్వే."

పాపం మన్నించారు. కానీ ఎవరి మీద నింద పడిందో ఆమె మీద నుంచి దింపాల్సిందీ నేనేనని చెప్పి పంపారు. బయటికొచ్చి మెట్లమీద నిలబడ్డాను, వాన పడుతోంది. అడగాలనుకున్న ఒక్క మనిషి నోరూ నా చేత్తోనే కుట్టేశాను. నాలాంటి తెలివైనది ఇంకోటి ఉండదు అనుకుని ఏడ్చాను.

సోమవారం గంజి పిన్ని అందరినీ గంగాళం చుట్టూ పోగేసింది. గంజి పిన్ని అంటే మాకు పిన్నీ కాదు ఏమీ కాదు, గంజి కాచేది కాబట్టి ఆ పేరు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఇన్నేళ్ళు తోడుగా నిలబడ్డ మనిషిని అలా పంపేస్తే ఊరుకోకూడదంది. పని ఆపేద్దామని ఒకామె అంది. ఆపితే వార్డులో వాళ్ళు దేనిమీద పడుకుంటారని ఇంకొకామె అడిగింది.

గంజి పిన్ని గరిటె పక్కన పెట్టింది. "రోగి ఆగలేడు. దేవుడు ఆగగలడు," అంది. "పీఠం గుడ్డలు ఆపుదాం."

నాకు తెలిసి అలాంటి సమ్మె ఎక్కడా జరిగి ఉండదు. వార్డు దుప్పట్లు ఎప్పటికన్నా తెల్లగా వెళ్ళేవి. పీఠం గుడ్డల మూట మాత్రం ఇస్త్రీ బల్లమీద ఎక్కడిదక్కడే ఉండేది, ఎవరూ ముట్టేవారు కాదు. అడిగినవి రెండే. అత్తయ్యని ఏ కాగితమూ రాయించుకోకుండా తీసుకోవాలి. షెడ్డులో కూర్చోడానికి పీటలు వెయ్యాలి. ఈ రెండోది ఎక్కడ నేర్చుకున్నారని సిస్టరమ్మ అడిగితే, ఫాదరుగారి క్లాసులో అని తొమ్మిది మందిమీ ఒక్కసారే అన్నాం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, గుడ్డ మాట వచ్చినప్పుడల్లా నేను మాత్రం తల దించేసుకునేదాన్ని. అందరూ అది అత్తగారి మీద జాలి అనుకున్నారు. ఇలాంటి కోడలు దొరకాలంటే పెట్టిపుట్టాలి అని గంజి పిన్ని అంది. ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

మొదటి ఆదివారం బీరువాలో ఉన్నవాటితో గడిచింది. రెండో ఆదివారానికి సిస్టరమ్మే ఇస్త్రీ చేశారు. పీఠం గుడ్డ మధ్యలో ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. పూజ జరుగుతున్నంతసేపూ ఆవిడ ఆ మచ్చనే చూస్తున్నారు. పాపమనిపించింది. ఆవిడకి అది పంతం కాదు, పవిత్రమైనది చేజేతులా పాడైందన్న బాధ. ఆ బాధలో మనిషి కాలు ఆవిడ కంటికి ఆనలేదు.

ఇంట్లో అత్తయ్య కాలు మళ్ళీ మొదటికొచ్చింది. ఆ మోటు గుడ్డలతోనే కట్టేదాన్ని. కాగితం రాసిచ్చెయ్యమని మా ఆయన రెండుసార్లు అడిగాడు. "చెయ్యని..." అని నాలుక కొరుక్కున్నట్టు ఆగి, "రాయను," అంది అత్తయ్య. ఆయన గమనించలేదు. నేను గమనించాను. చెయ్యని తప్పుకి అనబోయి, నేను ఎదురుగా ఉన్నానని మింగేసింది. ఆ రోజు చెప్పాల్సింది, చెప్పలేదు.

మూడో వారం శనివారం ఫాదరుగారు గొడుగు వేసుకుని షెడ్డుకి వచ్చారు. బీరువాలో గుడ్డలకి బూజు పట్టిందన్నారు. దొంతరలోంచి ఒక దుప్పటి ఇమ్మని అడిగారు. ఎందుకంటే, పరవడానికి అన్నారు. గంజి పిన్ని తన చేత్తో మంచిది ఏరి ఇచ్చింది. అసలు సంగతి తెలిస్తే ఇచ్చేది కాదని తర్వాత చాలాసార్లు చెప్పుకుంది.

మర్నాడు పూజకి వెళ్ళేసరికి పీఠం మీద ఆ దుప్పటి ఉంది. ముందువైపు వేలాడుతున్న అంచుమీద నీలం అక్షరాలతో ముద్ర, జనరల్ వార్డు అని. చర్చి అంతా చదివింది. ప్రసంగంలో ఫాదరుగారు సమ్మె ఊసెత్తలేదు, అత్తయ్య ఊసు అసలే ఎత్తలేదు. ఒక్కమాట చెప్పారు. "ఈ ఆవరణలో ఇవాళ ఇంతకన్నా శుభ్రమైన గుడ్డ నాకు దొరకలేదు. దీన్ని ఉతికినవాళ్ళు నిలబడి ఉతికారు." తర్వాత రోజూలాగే పూజ కొనసాగించారు. ఆయన నా వైపు ఒక్కసారైనా చూస్తారని భయపడ్డాను. చూడలేదు. చూస్తే బాగుండేది.

సోమవారం సిస్టరమ్మ అందరినీ షెడ్డులోకి పిలిచారు. అత్తయ్యకీ కబురు పంపారు. ఫాదరుగారు తలుపు దగ్గర నిలబడ్డారు, మా ఆయన బాయిలరు దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అత్తయ్య కుంటుతూ వచ్చి తన పాత బల్లకి ఆనుకుని నిలబడింది. సిస్టరమ్మ రాత్రంతా నిద్రపోనట్టున్నారు. కాగితం అక్కర్లేదన్నారు. పీఠం ముందు క్షమాపణా అక్కర్లేదన్నారు. "ఒక్కటి చెప్పు చాలు. ఎందుకు తీశావు?"

అత్తయ్య మళ్ళీ మాట్లాడలేదు. అప్పుడు నా గొంతు నాకే వినపడింది.

"తీసింది నేను," అన్నాను. "కాలికి కట్టడానికి. ఆమె వద్దంది."

మా ఆయన నన్ను చూడలేదు, వాళ్ళమ్మని చూశాడు. సిస్టరమ్మ కూడా ఆమెనే చూశారు. మరి ఇన్నాళ్ళూ ఒక్కమాట చెప్పలేదేం అని అడిగారు.

"మీరు తీశావా అని అడగలేదమ్మా," అంది అత్తయ్య. "ఎందుకు తీశావని అడిగారు. ఇరవై రెండేళ్ళు మీ గుడ్డలు చూసుకున్నాను. తీశావా అని అడుగుతారేమోనని చూశాను."

మా ఆయన తల దించుకున్నాడు. ఆ రోజు ఇంట్లో తను అడిగిందీ అదే మరి.

సిస్టరమ్మ దగ్గరికొచ్చారు. కాలు చూపించండి, కూర్చోండి అన్నారు. అత్తయ్య అటూ ఇటూ చూసింది. సిస్టరమ్మా చూశారు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా షెడ్డంతా కలియజూశారు. మేమెవరం కదల్లేదు. ఆవిడే వానలో నడుచుకుంటూ ఆఫీసుగదికి వెళ్ళి, తన కుర్చీ రెండు చేతులతో మోసుకొచ్చి వేశారు. అత్తయ్య కూర్చుంది. ఆవిడ నేలమీద మోకాళ్ళూని, కట్టు విప్పి చూశారు. చాలాసేపు చూశారు. ఒకప్పుడు నర్సుగా చేసినావిడట, అది మాకెవరికీ తెలీదు.

ఆ వారమే షెడ్డులో పది పీటలు పడ్డాయి. నిలబడే పని పనికిరాదని రాస్తే ఇంటికి పంపడం కాదు, కూర్చునే పని చూపించాలని ఆఫీసులో కాగితం మారింది. దానికోసం సిస్టరమ్మ పైవాళ్ళతో పోట్లాడారని విన్నాం. నన్ను పొట్లం పని నుంచి తప్పించారు, అంతకుమించి ఏమీ అనలేదు. అత్తయ్యని పది రోజులు వార్డులో ఉంచి వైద్యం చేశారు.

ఆమె ఇంటికొచ్చిన రోజు నీళ్ళు కాచి, మెత్తటి కొత్త గుడ్డ సిద్ధంగా పెట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాను. కట్టు మార్చాల్సిన వేళ. కాలు మీద చెయ్యి వెయ్యబోతే మెల్లగా పక్కకి జరుపుకుంది.

"వద్దులే అమ్మాయ్. నర్సు వస్తానంది," అంది. కోపం లేదు, గొంతు మామూలుగానే ఉంది. తర్వాత, "నోరు విప్పడానికి ఇరవై అయిదు రోజులు పట్టింది నీకు," అంది.

ఆ తర్వాత అత్తయ్య ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. నాతో కలిసి తిన్నది, నవ్వింది, నా పిల్లల్ని పెంచింది, జ్వరమొస్తే నా తల ఒళ్ళో పెట్టుకుంది. నన్ను ఒక్కనాడు కూడా ఒక్కమాట అనలేదు. ఆ పుండు ఏటా ముసురు రోజుల్లో తిరగబెట్టేది, కుంటుకుంటూ ఆసుపత్రిదాకా వెళ్ళి నర్సు చేతే కట్టు కట్టించుకుని వచ్చేది. నా చేతికి మాత్రం ఆ కాలు మళ్ళీ ఇవ్వలేదు.